ఏఎంటీ కారు కొన్న మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి, మామయ్య ఆశీస్సులు.

కారు కొన్నావని మీ అమ్మ చెప్పగానే ఏ గేర్‌బాక్స్ అని అడిగాను. ఏఎంటీ, అంటే ఆటోమేటెడ్ మాన్యువల్ ట్రాన్స్‌మిషన్ అని తెలిశాకే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. అన్నిటినీ ఆటోమేటిక్ అనే అంటాం గానీ లోపలి యంత్రాలు వేరు. మీ నాన్న సీవీటీ కారు (విడివిడి గేర్లు లేని ఆటోమేటిక్) నడిపినట్టే నీ కారునూ నడిపితే కుదరదు.

2014లో మారుతి సెలేరియోతో మన రోడ్ల మీదికి వచ్చిన ఈ ఏఎంటీలో ఉన్నవి మామూలు గేర్లే, ఇంజన్‌ను గేర్లతో కలిపి విడదీసే మామూలు క్లచ్ ప్లేటే. నీ ఎడమ కాలు, ఎడమ చెయ్యి చేయాల్సిన పనిని కంప్యూటర్ చేయిస్తుంది, అంతే. పెడల్ లేదని క్లచ్‌ను మరిచిపోకు. అది అరుగుతుంది, కాలుతుంది కూడా.

ఎలా కాలుతుందో చెబుతాను. ఫ్లైఓవర్ ఎక్కుతుండగా ట్రాఫిక్ ఆగిందనుకో. బండి వెనక్కి జారకుండా చాలామంది యాక్సిలరేటర్‌ను కొద్దికొద్దిగా నొక్కుతూ అక్కడే నిలబెడతారు. అప్పుడు క్లచ్ ప్లేటు పూర్తిగా పట్టుకోదు, పూర్తిగా వదలదు. రాసుకుంటూ వేడెక్కి కాలిన వాసన వేస్తుంది. అలాంటి ప్లేటును షెడ్డులో విప్పి చూస్తే నల్లబడి, అద్దంలా నున్నగా తేలి ఉంటుంది. దాన్ని ఆనుకునే ఫ్లైవీల్ (ఇంజన్‌తో పాటు తిరిగే బరువైన చక్రం) మీద నీలం మచ్చలు కనిపిస్తాయి. ఇక మార్చడమే. ఎత్తు మీద ఆగితే బ్రేకు గట్టిగా నొక్కి ఉంచు. కదిలేటప్పుడు హ్యాండ్ బ్రేకు వేసి, యాక్సిలరేటర్ నొక్కి, బండి ముందుకు లాగుతోందని తెలియగానే హ్యాండ్ బ్రేకు వదిలేయి. ఎత్తు మీద బండి జారకుండా పట్టే హిల్ హోల్డ్ కొన్ని కార్లలో ఉంటుంది గానీ రెండు మూడు సెకన్లే ఆపుతుంది, దాన్నే నమ్ముకోకు.

అమీర్‌పేటలాంటి చోట సాయంత్రం ట్రాఫిక్‌లో ముందు బండి జానెడు కదిలినప్పుడల్లా నువ్వూ కదలకు. కాస్త ఖాళీ ఏర్పడనిచ్చి ఒకేసారి ముందుకు వెళ్లు. వెనకవాళ్లు హారన్ కొడితే కొట్టనీ. సిగ్నల్ దగ్గర ఎక్కువసేపు ఆగాల్సి వస్తే న్యూట్రల్‌లో పెట్టి బ్రేకు పట్టుకో. ఎడమ కాలితో మాత్రం ఎప్పుడూ బ్రేకు తొక్కకు.

గేరు మారేటప్పుడు తల ముందుకు ఊగుతోందన్నావట. అది జబ్బు కాదు. మారే క్షణంలో యాక్సిలరేటర్ మీద కాలు కాస్త తేలిక చేస్తే కుదుపు చాలావరకు తగ్గుతుంది. నాలుగు రోజుల్లో ఆ లయ నీకే అందుతుంది. ఓవర్‌టేక్ చేయాలంటే ముందుగానే లివర్‌ను మాన్యువల్‌లోకి, అంటే గేరు నువ్వే మార్చే స్థానంలోకి తెచ్చి ఒక గేరు తగ్గించు. ఎదురుగా లారీ వస్తుండగా కంప్యూటర్ గేరు వెతుక్కుంటూ కూర్చోకూడదు.

మొక్కు తీర్చుకోవడానికి తిరుమల వెళతావని తెలిసింది. ఎక్కడం సులువే. దిగేటప్పుడు మాత్రం, 1944లో వేసిన ఆ పాత ఘాట్ రోడ్డు మలుపుల్లో, లివర్‌ను మాన్యువల్‌లో పెట్టి రెండో గేరులో దిగు. ఇంజనే బండిని పట్టుకుంటుంది, బ్రేకులు వేడెక్కవు. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దిగడం ప్రాణాంతకం. ఈ ఒక్క మాట అల్లుడికి కూడా గట్టిగా చెప్పు.

నీ కారు లివర్‌కు పార్కింగ్ గడి ఉండదు. హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో ఉంచి ఇంజన్ ఆపు. పల్లంవైపు ముఖం పెట్టి ఆపితే రివర్స్‌లో ఉంచు. మళ్లీ స్టార్ట్ చేసేటప్పుడు బ్రేకు నొక్కి న్యూట్రల్‌లోకి తెచ్చుకో. రివర్స్ వేసే ముందు బండి పూర్తిగా ఆగాలి.

బ్యాటరీ బలహీనపడితే ఈ గేర్‌బాక్స్ సతాయిస్తుంది. గేర్లు పడటం లేదని ఎవరైనా గేర్‌బాక్స్ విప్పబోతే, ముందు బ్యాటరీ చూడమను. ఇంజన్ అరుపు పెరిగి వేగం పెరగకపోతే అది క్లచ్ అరిగిన గుర్తు. ప్లేటు మార్చాక కొత్త ప్లేటు ఎక్కడ పట్టుకుంటుందో కంప్యూటర్‌కు నేర్పించాలి. ఆ పరికరం లేని షెడ్డులో ఆ పని చేయించకు, అది మా షెడ్డే అయినా సరే.

దారిలో ఆగిపోతే తాడు కట్టి లాగించకు. బండి మొత్తాన్ని పైకెక్కించుకునే లారీని పిలిపించు. ఆ సాయం నంబరు కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఈ రోజే ఫోనులో రాసిపెట్టుకో.

ఆశీస్సులతో,
మామయ్య