బుజ్జోడి ఆటల గురించి

బుజ్జమ్మా,

పిల్లోడికి ఏడో నెల వచ్చిందని, రంగులేసిన బియ్యం, బఠాణీలు టబ్బులో పోసి, చేతులతో తాకి తెలుసుకునే సెన్సరీ ఆట ఆడిస్తానన్నావని మీ అమ్మ చెప్పింది. ఉద్యోగం చేసుకుంటూ వాడి కోసం ఇంత ఆలోచిస్తున్నావంటే మురిసిపోయాను. బఠాణీల మాట వినగానే మాత్రం గుండె దడదడలాడింది.

ఆ వయసులో ఏది దొరికినా నోట్లోకే. ఒకసారి పండగ పనుల్లో మా తోడికోడలు, కొడుకు ఏడవకుండా ఉంటాడని ఒలిచిన వేరుశనగల చేట ముందు కూర్చోబెట్టింది. వాడు రెండు చేతులతో కెలుకుతూ కేరింతలు కొడుతుంటే అందరూ ముచ్చటపడ్డారు. కాసేపటికి చప్పుడు ఆగింది. దగ్గు లేదు, ఏడుపు లేదు, పెదాలు నీలమవుతున్నాయి. ఆవిడ కంగారులో నోట్లో వేలు పెట్టేసరికి గింజ ఇంకా లోపలికి పోయింది. పక్కింటి నర్సమ్మ పరిగెత్తుకొచ్చి, వాణ్ణి ముంజేతి మీద బోర్లా వేసుకుని, తల కిందికి ఉంచి, రెండు భుజాల మధ్య అరచేత్తో గట్టిగా చరిచింది. గింజ ఊడిపడింది. వాడికిప్పుడు మీసాలు నెరిశాయి. వేరుశనగలు ఒలిచాక మోకాళ్ల మీద కూర్చుని నేలంతా వెతికే అలవాటు నాకింకా పోలేదు.

ఆ చరచడం నువ్వూ నేర్చుకో, మీ ఆయనకీ నేర్పించు. వీపు మీద ఐదుసార్లు. రాకపోతే వెల్లకిలా తిప్పి, ఛాతీ మధ్యలో ఒక అరచేతి మణికట్టు వైపు భాగంతో ఐదుసార్లు నొక్కి, మళ్లీ వీపు మీద. ఈలోగా ఒకరు 108కి ఫోన్ చెయ్యాలి. కనపడని గింజ కోసం నోట్లో వేలు పెట్టొద్దు.

ఇక ఆటలకేం కరువు? చల్లారిన రాగిజావ పళ్లెంలో పోసి చేతులతో పామనీ. ఒళ్లంతా పూసుకుంటే తిట్టబాకు, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. పాత వెంకటగిరి చీర ముక్కతో దోబూచి ఆడు. జరీ అంచు కత్తిరించెయ్, పోగులు వేళ్లకి చుట్టుకుంటాయి. మెలకువగా ఉన్నప్పుడు బోర్లా పడుకోబెట్టి, ఎదురుగా నువ్వూ బోర్లా పడుకుని కబుర్లు చెప్పు. నీళ్ల ఆటైతే చెయ్యి వాడి మీదే ఉండాలి, రెండంగుళాల నీళ్లు చాలు ప్రమాదానికి. ఫోన్ మోగితే మోగనీ.

ఆదివారం మీ మామయ్యతో ఉదయగిరి చెక్క చెంచాలు రెండు పంపిస్తున్నాను. నున్నగా, తేలిగ్గా ఉంటాయి, గిన్నె మీద వాయించుకుంటాడు. నానబెట్టొద్దు, కడిగి వెంటనే ఆరబెట్టు. పెచ్చు లేస్తే పారేసి నాకు చెప్పు, వేరేవి పంపిస్తాను.

అమ్మమ్మ