ఫాంటసీ బాస్కెట్‌బాల్‌లో కుర్రాళ్ల టీమ్‌ని ఇచ్చేయాలా? ఇవ్వొద్దు

ఫాంటసీ అంటే అసలు ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్) ఆటగాళ్లతో మనం ఊహా టీమ్ కట్టుకుని, నిజం మ్యాచ్‌ల్లో వాళ్ల అంకెలతో పోటీపడే ఆట. ఏటికేడు అదే ఆటగాళ్లని అట్టిపెట్టుకునే డైనస్టీ లీగ్‌లో మీ టీమ్ నిండా ఇరవై, ఇరవై రెండేళ్ల కుర్రాళ్లే ఉన్నారనీ, పట్టికలో అడుగున ఉన్నారనీ, ఇద్దర్ని ఇచ్చేసి పేరున్న సీనియర్ ఒకణ్ణి తెచ్చుకోమని అందరూ పోరుతున్నారనీ రాశారు. ఇవ్వకండి. ఆ సలహా చెబుతున్నవాళ్లలో సగం మంది మీ కుర్రాళ్ల మీద కన్నేసినవాళ్లే అయి ఉంటారు.

మాది డాలస్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ల లీగ్. పన్నెండు టీమ్‌లు, వారం వారం పోటీకి పాయింట్లు, అసిస్ట్‌లు లాంటి తొమ్మిది కేటగిరీలు. సగం మంది ఆఫీసు స్నేహితులు, మిగతా సగం వాళ్ల బావమరుదులు. నా టీమ్‌కి వీళ్లు పెట్టిన పేరు అంగన్‌వాడీ. సోమవారం పొద్దున్నే వాట్సాప్ గ్రూప్‌లో 'అంగన్‌వాడీలో ఈ వారం కూడా గుడ్డేనా?' అని మెసేజ్ పడాల్సిందే. పడనీ అని ఊరుకునేవాణ్ణి.

2021 డిసెంబర్ 2 రాత్రి మాత్రం తట్టుకోవడం కష్టమైంది. మెంఫిస్‌లో ఓక్లహోమా సిటీ థండర్ 152-79 తేడాతో ఓడింది. 73 పాయింట్లు! ఎన్‌బీఏ చరిత్రలో అంతకు ముందు ఎవరూ అంత ఘోరంగా ఓడలేదు. నా టీమ్‌కి ప్రాణం లాంటి షై గిల్జస్-అలెగ్జాండర్‌ది ఆ థండర్ జట్టే. తలకు దెబ్బ తగలడంతో ఆ రాత్రి అతను ఆడనే లేదు, అయినా తిట్లు నాకే. గ్రూప్‌లో స్కోర్‌బోర్డు స్క్రీన్‌షాట్లు వరసగా పడుతుంటే, మర్నాటి డబ్బాల కోసం పులిహోర కలుపుతున్న నాకు లీగ్‌లోనే ఉన్న మా బావ నుంచి ఫోన్ వచ్చింది. చేతికి నూనె, అందుకని స్పీకర్‌లో పెట్టాను.

"బావా, పాల్ జార్జ్‌ని తీసుకో, షైని ఇచ్చేయ్. ఆ జట్టులో వాడు పైకొచ్చేదీ లేదు, నువ్వు గెలిచేదీ లేదు. నీ అవస్థ చూడలేక అడుగుతున్నా."

ఎంత ప్రేమో! బాస్కెట్‌బాల్‌లో ఓ జట్టుకి ఎంతమంది ఆడతారో కూడా తెలియని మా ఆవిడ పక్కనుంచి, "ఆ జార్జ్ అంత బాగుంటే ఈయన ఎందుకు వదిలించుకుంటున్నాడు?" అంది. అవతలివైపు కాసేపు మాట లేదు.

తమాషా ఏమిటంటే, సరిగ్గా ఆ బేరమే 2019లో నిజంగా జరిగింది. పాల్ జార్జ్ కోసం క్లిప్పర్స్ జట్టువాళ్లు షైని, గాలినారి అనే ఇంకో ఆటగాణ్ణి, వాళ్లతోపాటు ఐదు మొదటి రౌండ్ పిక్‌లని (డ్రాఫ్ట్‌లో కొత్త కుర్రాళ్లని ఎంచుకునే హక్కుల్ని) థండర్‌కి ఇచ్చుకున్నారు. అందులో ఒక పిక్‌తోనే 2022లో జేలెన్ విలియమ్స్ వచ్చాడు. "ఒకసారి క్లిప్పర్స్ చేశారుగా, చాల్లే బావా" అని ఫోన్ పెట్టేశాను. ఆ నెలాఖర్లోపే జార్జ్ మోచేయి దెబ్బతింది, మళ్లీ మార్చి చివర్లో గానీ కోర్టులోకి రాలేదు. మా బావ దాన్ని ఇప్పటికీ యాదృచ్ఛికం అంటాడు. ముప్పై దాటిన ఒంటికి అది యాదృచ్ఛికం ఎలా అవుతుందండీ? ఇక షై సంగతి మీకు తెలిసిందే. 2024-25లో థండర్ 68 మ్యాచ్‌లు గెలిచి టైటిల్ కొట్టింది, సీజన్ ఉత్తమ ఆటగాడు (ఎంవీపీ) అతనే, ఫైనల్స్ ఎంవీపీ కూడా అతనే.

ఒక్కడి కథతో అంతా తేలిపోతుందా అని మా లీగ్ నడిపే కమిషనర్ అన్న వాదిస్తాడు. తేలుతుంది. ఇంకొకడు కావాలంటే కేడ్ కన్నింగ్‌హామ్. రెండో సీజన్‌లో కాలి ఎముక నొప్పితో 12 మ్యాచ్‌లే ఆడాడు. తర్వాతి ఏడాది అతని జట్టు పిస్టన్స్ వరసగా 28 మ్యాచ్‌లు ఓడిపోయారు. అప్పుడు అతన్ని వదిలేసినవాళ్లు 2024-25లో సగటున 26 పాయింట్లు, 9 అసిస్ట్‌లు చూసి తలపట్టుకున్నారు. టర్నోవర్లు, అంటే బంతి అవతలి జట్టుకి పోగొట్టుకోవడం, మ్యాచ్‌కి నాలుగు పైనే, కాదనను. ఆ ఒక్క కేటగిరీ వదిలేయండి. బంతి నడిపించే కుర్ర గార్డుల్ని పెట్టుకుని టర్నోవర్లలో కూడా గెలవాలంటే కుదరదు, మిగతా ఎనిమిదింట్లో ఐదు గెలిస్తే వారం మీదే.

చాలామందికి ఎక్కనిది ఇదే. ఫాంటసీలో అసలు జట్ల గెలుపోటములకి మార్కుల్లేవు. నిమిషాలు, బంతి ఎవడి చేతిలో ఉంటుంది, అంతే. చెత్త జట్టు కుర్రాడికి ముప్పై అయిదు నిమిషాలిచ్చి, తప్పు చేసినా బయట కూర్చోబెట్టదు. పెద్ద జట్టు సీనియర్‌ని వరస రోజుల్లో మ్యాచ్‌లుంటే ఒకదానికి సూటేసి బెంచీ మీద కూర్చోబెడుతుంది. అవార్డులకి కనీసం 65 మ్యాచ్‌లు ఆడాలన్న నిబంధన 2023-24లో ఊరికే రాలేదు.

మార్చి మాత్రం తలనొప్పే. మన ప్లేఆఫ్‌లు అప్పుడే, ఓడే జట్లు తమ మంచి కుర్రాళ్లకి 'మడమ నొప్పి' అని రెస్ట్ ఇచ్చేదీ అప్పుడే. 2020-21లో షై 35 మ్యాచ్‌లకే ఆగిపోయాడు. దీనికి మందు సీనియర్లు కాదు. బెంచీలో రెండు స్థానాలు ఫిబ్రవరి నుంచే ఖాళీ చేసి పెట్టుకోండి. కూర్చోబెట్టినవాడి స్థానంలో ఎవడికి నిమిషాలొస్తాయో రాత్రికి రాత్రి చూసి ఎత్తుకోండి. నిద్ర పాడవుతుంది. పడమటి తీరం మ్యాచ్‌లు మాకు తొమ్మిదిన్నరకి మొదలవుతాయి, పొద్దున్న స్టాండప్ కాల్‌లో కళ్లు మూసుకుపోతుంటాయి.

ఇంకో మాట. మీ టీమ్‌లో ఎవడికైనా దెబ్బ తగిలిన రోజు వచ్చిన ఆఫర్‌ని తెరిచి కూడా చూడకండి. 2025 ఫిబ్రవరిలో వెంబన్యామాకి భుజంలో రక్తం గడ్డకట్టి సీజన్ ముగిసిందని వార్త వచ్చిన పూటే మా గ్రూప్‌లో అతన్ని టీమ్‌లో పెట్టుకున్నవాడికి పరామర్శలు మొదలయ్యాయి, ప్రతి పరామర్శ కిందా ఒక ట్రేడ్ లింకు. పైగా నేను ఎవరితోనైనా మంచి బేరం కుదుర్చుకుంటే అదే పెద్దమనుషులు దాన్ని రద్దు చేయమని వీటో ఓట్లు గుద్దుతారు. వీటో అనేది మోసం జరిగితే వాడాలి, కడుపుమంటకి కాదు. దీని మీద వేరే ప్రశ్న ఎవరైనా అడగండి, తీరిగ్గా రాస్తాను.

ఈ ఫాంటసీ అన్న మాట ఇంటికి ఫోన్ చేసినప్పుడు అనకండి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని తెలంగాణలో 2017లో, ఆంధ్రలో 2020లో నిషేధించారు కదా, మా మామయ్య నేనూ ఆ బాపతే అనుకుని పొలం పత్రాల సంగతి నాన్నని ఆరా తీశాడు. మేం ఆడేది ఉట్టి పరువు కోసం.

అన్నట్టు, మీది ఏటా అందర్నీ వదిలేసి మళ్లీ మొదటి నుంచి డ్రాఫ్ట్ చేసే లీగ్ అయితే పైదంతా మర్చిపోండి, ఆ సీనియర్‌ని ఇవాళే తెచ్చుకోండి. డైనస్టీ అని రాశారు కాబట్టి ఇంత చెప్పాను.