మా మామ్మని ఫోన్లో నేనే చంపేశాను

"మొదటిసారి మీమ్ చేసినప్పుడు మీకేమైంది? కొత్తవాళ్ళు దేంతో మొదలుపెట్టాలి?" అని అడిగారు.

బ్రహ్మానందం ఫోటోతో మొదలుపెట్టండి. ఇంట్లోవాళ్ళ ఫోటోల జోలికి మాత్రం పోకండి.

మాది ఒడిశాలో గజపతి జిల్లా, పర్లాకిమిడి. ఊరు దాటితే పాతపట్నం, అంటే శ్రీకాకుళం జిల్లా వచ్చేసినట్టే. ఇక్కడ ఒడియావాళ్ళు మార్చి 20న పఖాళ దిబస చేసుకుంటారు. దిబస అంటే రోజు. పఖాళ అంటే వేరే ఏం కాదు, మన చద్దన్నమే. ఆ రోజు మా వీధిలో ఎవరి స్టేటస్ తెరిచినా కంచాలే. నీళ్ళలో అన్నం, చుట్టూ చేపల వేపుడు, బడి చూరా అనే వడియాల పొడి, ఆకుకూర. మా మామ్మేమో ఏడాది పొడుగునా పొద్దున్నే ఉల్లిపాయ నంజుకుని అదే తింటుంది. ఆవిడకి దిబసా లేదు, స్టేటస్సూ లేదు. ఇందులో మీమ్ ఉందని నాకు తట్టింది. జోకు మంచిదేనని ఇప్పటికీ అంటాను.

మామ్మ అరుగు మీద ఒళ్ళో గిన్నె పెట్టుకుని కూర్చున్న ఫోటో ఒకటి నా దగ్గరుంది. దాని మీద తెల్లక్షరాలు రాస్తే ఆవిడ తెల్లచీరలో కలిసిపోయాయి. సరే అని పైనా కిందా నల్లపట్టీలు వేశాను. కింది పట్టీ పోయి సరిగ్గా గిన్నె మీద పడింది. పైన "ఊరందరికీ పఖాళ దిబస 20-03-2023", కింద "మా మామ్మకి రోజూ చద్దన్నమే". ఆ యాప్‌లో ఒత్తులన్నీ విరిగిపోయి "మామ్‌మ", "చద్‌దన్‌నం" అని పడింది. అంకెలు మాత్రం ముత్యాల్లా వచ్చాయి. ఇంగ్లీషుకి వందల ఫాంట్లు ఇస్తారు, మనకి ఒక్క ఒత్తు నిలబెట్టలేరు!

చుట్టాల గ్రూపులో పడేసి స్నానానికి వెళ్ళాను. వచ్చేసరికి 17 మెసేజులు. మొదటిది బరంపురంలో ఉండే మా బాబాయి కొడుకుది, "ఓం శాంతి". నల్లపట్టీల మధ్య తెల్లచీరలో ముసలావిడ, పక్కన తేదీ. వాడు మాత్రం ఇంకేమనుకుంటాడు? వాడికి తెలుగు చదవడం రాదు. చదివింది ఒడియా మీడియం. మాట్లాడమంటే నాకంటే బాగా మాట్లాడతాడు. మా ఊరు 1936లో ఒడిశాలో కలిసింది. మా ఇంట్లోనే చూడండి, తాత గడగడా చదివేవాడు, నాన్న కూడబలుక్కుంటాడు, తమ్ముళ్ళకి అక్షరమే రాదు. వాడుక భాషలోనే రాయాలని గిడుగు రామమూర్తి గారు పట్టుబట్టింది ఈ ఊళ్ళో పాఠాలు చెప్పుకుంటూనే. ఆ ఊళ్ళో ఇవాళ చద్దన్నం అని రాస్తే చదివే కుర్రాడు దొరకడు. అలాగని చదువొచ్చిన పెద్దవాళ్ళేమైనా చదివారా? పై మెసేజు చూసి కింద దణ్ణాలు పెట్టుకుంటూ పోయారు.

ఇంతలో టెక్కలి నుంచి అత్త ఫోను. ఎత్తింది మామ్మే. అటునుంచి ఏడుపు.

"ఏటే, ఎవులు పోనారే?"

"అమ్మే..." అంది అత్త. అని ఆగిపోయింది.

"నానేటే!"

మీమ్ తీసేసి "మామ్మ బాగుంది, అది జోకు" అని రాశాను. దానికీ ఇద్దరు దణ్ణాలు పెట్టారు. మీకు పనికొచ్చే ముక్క ఒకటి చెబుతాను. తెలుగుని ఆ యాప్‌లో కొట్టకండి. ఫోన్లో నోట్సు తెరిచి పెద్దక్షరాలతో రాసుకుని, స్క్రీన్‌షాట్ తీసి, ఆ ముక్క కత్తిరించి ఫోటో మీద అతికించండి. ఒత్తులు ఎక్కడివక్కడే ఉంటాయి. నల్లపట్టీ వద్దు, పసుపు వెయ్యండి. తేదీ అసలే వద్దు.

పాతపట్నంలో ఉండే మా పెద్దనాన్న ఫోనైనా చెయ్యకుండా బండెక్కేశాడట. గుమ్మంలో దిగేసరికి చేతిలో బంతిపూల దండ. మామ్మ అరుగు మీదే ఉంది.

"దండేటిరా?"

ఆయన నోట మాట రాలేదు. మామ్మ దండ తీసుకుని తులసికోటకి వేసింది. కొడుకు పొద్దుట్నుంచి ఏమీ తినలేదని తెలిసి ఇంకో గిన్నె తెమ్మంది.