50 సీసీ విమానానికి ఎన్ని కిలోల సర్వో? ముందు ఆర్మ్ పొడవు చూడండి

రిమోట్‌తో ఎగరేసే మోడల్ విమానం, 85 అంగుళాల రెక్క, 50 సీసీ పెట్రోల్ ఇంజన్, మామూలు స్పోర్ట్ ఫ్లయింగ్. ఎయిలెరాన్‌కి (రెక్క వెనక అంచున పైకీ కిందికీ కదిలే పలక) 20 కిలోల సర్వో (దాన్ని కదిపే చిన్న మోటార్; కిలోలంటే ఇరుసు నుంచి 1 సెం.మీ. దూరంలో అది లాగే బలం) సరిపోతుందా, 40 కావాలా అన్నది మీ ప్రశ్న. 20 చాలు. ఇంత పెద్ద విమానాలు గాల్లో విరగడానికి చాలాసార్లు కారణం సర్వో బలం తక్కువ కావడం కాదు, లింకేజ్, అంటే సర్వోని ఎయిలెరాన్‌కి కలిపే ఏర్పాటు, తప్పుగా కట్టడం. అమ్మేవాళ్లు కిలోల అంకె ఒక్కటే పెద్ద అక్షరాల్లో వేస్తారు, కొనేవాళ్లు అదొక్కటే చదువుతారు.

లెక్క చూడండి. సర్వో ఆర్మ్ (సర్వో ఇరుసుకి బిగించే చేయి) 40 మి.మీ., కంట్రోల్ హార్న్ (ఎయిలెరాన్‌కి బిగించే కొమ్ము) 40 మి.మీ. పెట్టారనుకుందాం. సర్వో 45 డిగ్రీలు తిరిగితే ఎయిలెరాన్ కూడా 45 తిరుగుతుంది. మీకు కావలసింది 15 డిగ్రీలే కాబట్టి ట్రాన్స్‌మిటర్‌లో ఎండ్ పాయింట్‌ని (సర్వో ఎంతవరకు తిరగాలో చెప్పే సెట్టింగ్) మూడో వంతుకు దించేస్తారు. అక్కడే నష్టం. సర్వో బలం పెరగకుండా ఉన్నంతే ఉంటుంది, స్టిక్ కదలికలో సున్నితం పోతుంది, గేర్లలో ఉన్న 1 డిగ్రీ లూజు యథాతథంగా ఎయిలెరాన్‌కి చేరుతుంది. 10 సెం.మీ. వెడల్పున్న ఎయిలెరాన్ వెనక అంచు దగ్గర అది దాదాపు 1.7 మి.మీ. అదే ఆర్మ్‌ని 15 మి.మీ. రంధ్రానికి మార్చి, ఎండ్ పాయింట్ 100 శాతం ఉంచితే ఆ 15 డిగ్రీలే వస్తాయి. లూజు 0.7 మి.మీ. లోపుకు దిగుతుంది. 20 కిలోల సర్వో ఎయిలెరాన్ దగ్గర 50 కిలోలదానిలా పట్టుకుంటుంది. పైసా ఖర్చు లేదు, ఒక రంధ్రం మార్చడమే. 3డీ విన్యాసాల కోసం 45 డిగ్రీలు కావాలంటే మాత్రం పొడుగు ఆర్మే గతి, అప్పుడు కిలోలు నిజంగానే కావాలి.

లూజు వదిలేస్తే ఏమవుతుందంటే: ఫుల్ థ్రాటిల్‌లో డైవ్ చేస్తుంటారు, ఇంజన్ మోత మీదుగా ఝుమ్మని ఇంకో శబ్దం వినిపిస్తుంది. ఎయిలెరాన్ కంటికి అంచు కనపడకుండా మసకగా ఆడుతుంటుంది. అదే ఫ్లట్టర్. రెండు మూడు సెకన్లలో హింజ్‌లు ఊడటమో, సర్వో గేర్ పళ్లు రాలడమో జరుగుతుంది. శబ్దం వినగానే థ్రాటిల్ మూసేయండి, ముక్కు మెల్లగా ఎత్తి వేగం తగ్గించి దింపండి. గట్టిగా లాగితే అదే పని రెక్క విరిచేస్తుంది. దిగాక పైకి అంతా బాగున్నట్టే కనిపించినా ఆ సర్వో గేర్లు విప్పి చూడందే మళ్లీ ఎగరేయకండి.

ఆర్మ్‌ని హార్న్‌కి కలిపే పుష్‌రాడ్‌గా చిన్న విమానాల సన్న తీగ వద్దు, ఒత్తిడికి విల్లులా వంగుతుంది. 3 మి.మీ. రాడ్, రెండు చివర్లా బాల్ లింక్ (గుండు మీద తిరిగే కీలు), ప్లాస్టిక్ ఆర్మ్ బదులు లోహపు ఆర్మ్. లోహంలోకి వెళ్లే ప్రతి స్క్రూకీ నీలం థ్రెడ్‌లాక్ (స్క్రూ వదులు కాకుండా పట్టే జిగురు) చుక్క. బాల్ లింక్ ప్లాస్టిక్‌కి అది తగలకూడదు, పగుళ్లొస్తాయి. హింజ్ సందుని కింది వైపు పారదర్శక టేపుతో మూసేయండి, టేపు వేసేటప్పుడు ఎయిలెరాన్‌ని పూర్తిగా పైకి వంచి పట్టుకోవాలి. లేకపోతే కదలిక బిగుసుకుంటుంది.

మిగిలిన డబ్బు కరెంటు మీద పెట్టండి. డిజిటల్ సర్వోలు ఒక్కసారిగా లాగే కరెంటుకి సన్నని ఎక్స్‌టెన్షన్ వైర్లో వోల్టేజ్ పడిపోతుంది, రిసీవర్ రీసెట్ అవుతుంది. 22 గేజ్ వైర్, 6.6 వోల్ట్‌ల లైఫ్ (LiFe, ఒక రకం లిథియం) బ్యాటరీలు రెండు, రెండు వేర్వేరు స్విచ్‌లు. ఇగ్నిషన్‌కి (ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టించే భాగం) వేరే బ్యాటరీ పెట్టి, రిసీవర్‌కి కనీసం 30 సెం.మీ. దూరంలో బిగించండి. రేంజ్ చెక్ (రేడియో సిగ్నల్ ఎంత దూరం అందుతుందో చూడటం) ఇంజన్ ఆపి ఒకసారి, నడిపి ఒకసారి చేయాలి. రెండింటికీ తేడా వచ్చిందంటే ఇగ్నిషన్ షీల్డింగ్‌ని అనుమానించండి.

మొదటి రెండు మూడు ఫ్లైట్ల తర్వాత ఎయిలెరాన్ అంచు పట్టుకుని ఊపి, లూజు వచ్చిందేమో చూడండి. పెట్రోల్ ఇంజన్ వణుకుకి బిగించినవి వదులవుతాయి.