హాస్టల్ నీళ్ళేనా కారణం?

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్కారం. మా అమ్మాయికి 17 ఏళ్ళు. హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. దీపావళి సెలవులకు ఇంటికి వచ్చినప్పటి నుంచి తల దువ్వితే చాలు, దువ్వెన నిండా జుట్టు వస్తోంది. జడ సగానికి సన్నబడింది. అక్కడి బోరు నీళ్ళు పడలేదని అందరూ అంటున్నారు. నూనె మార్చాం, బయోటిన్ బిళ్ళలు తెప్పించాం. ఒకసారి గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందని మా అత్తగారు పట్టుబడుతున్నారు. జులై ఆఖరులో అమ్మాయికి డెంగీ వచ్చి తగ్గింది. ఇప్పుడు జ్వరం గిరం ఏమీ లేవు.
– ఒక తల్లి, ఖమ్మం జిల్లా

జవాబు: అమ్మా, మీరు ఉత్తరం చివర పెద్దగా పట్టించుకోకుండా రాసిన డెంగీ మాటే నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది. మన తల మీద ఉండే సుమారు లక్ష వెంట్రుకల్లో నూటికి 85 నుంచి 90 దాకా ఎప్పుడూ పెరిగే దశలోనే ఉంటాయి. తక్కినవి పెరగడం మానేసి, దాదాపు మూడు నెలలు కుదుళ్ళను అంటిపెట్టుకుని ఉండి, ఆ తర్వాత రాలిపోతాయి. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం ఎవరికైనా సహజమే. అయితే డెంగీ, టైఫాయిడ్ వంటి తీవ్రమైన జ్వరం వచ్చినా, పెద్ద ఆపరేషన్ జరిగినా, సన్నబడాలని ఒక్కసారిగా తిండి తగ్గించేసినా, పెరుగుతున్న వెంట్రుకల్లో చాలా భాగం ఒకేసారి ఆ విశ్రాంతి దశలోకి వెళ్ళిపోతాయి. జ్వరం ఉన్న రోజుల్లో తల మీద ఏ మార్పూ కనిపించదు. రెండు మూడు నెలలు గడిచి, జ్వరం సంగతి ఇంట్లో అందరూ మరిచిపోయాక జుట్టు కుచ్చులుగా ఊడిరావడం మొదలవుతుంది. దీనినే వైద్యులు టెలోజెన్ ఎఫ్లూవియం అంటారు. జులై ఆఖరుకూ దీపావళికీ మధ్య ఎన్ని నెలలున్నాయో మీరే లెక్క వేసి చూడండి.

ఇక బోరు నీళ్ళ సంగతి. ఉప్పు నీళ్ళతో తలస్నానం చేస్తే జుట్టు గరుకుగా మారి మధ్యలో తెగవచ్చు గాని, కుదురుతో సహా ఊడిరాదు. రాలిన వెంట్రుకలను తెల్ల కాగితం మీద పరిచి చూడండి. ఒక చివర చిన్న తెల్లని గింజలాంటిది ఉంటే అది కుదురు నుంచి రాలినట్లు. రెండు చివరలూ ఒకేలా ఉన్న పొట్టి ముక్కలైతే తెగినట్లు. తడి జుట్టును బిగించి జడలు వేసుకోవడం హాస్టల్ పిల్లల్లో ఎక్కువ. అలాంటి జడల వల్ల నుదుటి అంచున, కణతల దగ్గర జుట్టు పలచబడుతుంది కాబట్టి కాస్త వదులుగా అల్లుకోమనండి.

జ్వరం వల్ల మొదలైన రాలుడు సాధారణంగా మూడు నుంచి ఆరు నెలల్లో దానంతట అదే తగ్గుతుంది. కొత్త జుట్టు నెలకు ఒక సెంటీమీటరు చొప్పునే పెరుగుతుంది గనుక, పాత జడ మళ్ళీ చేతికి రావడానికి ఏడాది పైనే పట్టవచ్చు. అంతమాత్రాన చేతులు కట్టుకుని కూర్చోమని నేను చెప్పడం లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-19 ఏళ్ళ ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్త పరీక్షతో పాటు ఫెరిటిన్, థైరాయిడ్ పరీక్షలు కూడా చేయించండి. హీమోగ్లోబిన్ 12 దాటి ఉన్నా శరీరంలో ఇనుము నిల్వలు అడుగంటి ఉండవచ్చు. ఆ సంగతి తెలిపేది ఫెరిటిన్. బడిలో, కాలేజీలో వారానికొకటి ఇచ్చే నీలి రంగు ఐరన్ బిళ్ళ లోపం రాకుండా చూడటానికే గాని, వచ్చిన లోపాన్ని పూడ్చడానికి చాలదు. ఎంత మోతాదు, ఎన్ని నెలలు అన్నది డాక్టరే చెప్పాలి. ఆ బిళ్ళ వేసుకున్న వెంటనే టీ, కాఫీ తాగితే ఇనుము సరిగా ఒంటబట్టదు. నెలసరిలో రక్తస్రావం మరీ ఎక్కువగా ఉందా, నెలలు తప్పుతున్నాయా, గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు వస్తున్నాయా అన్నవి అమ్మాయిని మీరే నెమ్మదిగా అడిగి తెలుసుకోండి. ఇవి పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) లక్షణాలు కావచ్చు. హాస్టల్ పిల్లలు పొద్దున్నే స్టడీ అవర్ పేరుతో టిఫిన్ మానేయడం కూడా మామూలే. రోజూ ఒక గుడ్డు గాని, పప్పు, ఆకుకూర గాని తింటోందో లేదో కనుక్కోండి.

బయోటిన్ అనే విటమిన్ లోపం మనుషుల్లో చాలా అరుదు. పైగా ఎక్కువ మోతాదు బయోటిన్ థైరాయిడ్ పరీక్ష ఫలితాన్ని తారుమారు చేయగలదు. కాబట్టి పరీక్షకు ముందే ఆ బిళ్ళలు ఆపించి, వేసుకున్న సంగతి లేబొరేటరీ వారికి తప్పక చెప్పండి. గుండు విషయంలో మొక్కు ఉంటే అది మీ ఇష్టం. కత్తి చర్మం పైనున్న జుట్టునే తీస్తుంది, కింద ఉన్న కుదుళ్ళ సంఖ్య మారదు. కొత్త వెంట్రుక మొన మొద్దుగా ఉండటం వల్ల చేతికి దట్టంగా తగులుతుంది, అంతే. పబ్లిక్ పరీక్షల ముందు 17 ఏళ్ళ పిల్లకు ఆ ఇబ్బంది ఎందుకని అత్తగారికి నా మాటగా చెప్పండి.

ప్రశ్న: నాకు 16 ఏళ్ళు. నుదుటి మీద రెండు వైపులా జుట్టు వెనక్కి జరుగుతోంది. నాన్నగారికి బట్టతల. ఆన్‌లైన్లో మినాక్సిడిల్ తెప్పించుకుని రాసుకోవచ్చా?
– ఒక విద్యార్థి, గుంటూరు

జవాబు: సొంతంగా తెప్పించుకోవద్దు. 18 ఏళ్ళ లోపు వారు వాడరాదని ఆ మందు డబ్బా మీదే రాసి ఉంటుంది. బట్టతలకు వాడే ఫినాస్టరైడ్ మాత్ర సంగతి అసలే తలపెట్టకండి. వంశపారంపర్య బట్టతల కొందరిలో యుక్తవయసులోనే మొదలవుతుందన్నది నిజమే. అయితే యుక్తవయసు చివర్లో మగపిల్లలకు నుదుటి అంచు కొద్దిగా వెనక్కి జరగడం కూడా మామూలే. ఈ రెంటిలో ఏదన్నది చర్మవైద్యులు డెర్మోస్కోపుతో (చర్మాన్ని పెద్దదిగా చేసి చూపే పరికరం) చూసి చెప్పగలరు. మినాక్సిడిల్ మానేస్తే దానివల్ల వచ్చిన జుట్టు కూడా పోతుంది. ఈ వయసులో మొదలుపెట్టడం అంటే ఎన్నేళ్ళ బాధ్యతో ముందే ఆలోచించుకోవాలి.

ప్రశ్న: మా అబ్బాయికి 13 ఏళ్ళు. తల వెనుక రూపాయి బిళ్ళంత మేర జుట్టు పూర్తిగా పోయి నున్నగా ఉంది. పేనుకొరుకుడు అని ఆకు పసరు రాస్తున్నాం.
– ఒక తండ్రి, కడప

జవాబు: పసరు వెంటనే ఆపండి, చర్మం కాలి మచ్చ పడితే ఆ చోట మళ్ళీ జుట్టు రాదు. పేరు అలా స్థిరపడింది గాని, దీనికీ పేలకూ సంబంధం లేదు. శరీర రక్షణ వ్యవస్థే పొరపాటున వెంట్రుకల కుదుళ్ళ మీద దాడి చేయడం వల్ల వచ్చే సమస్య ఇది. ఒకటి రెండు చోట్లే కొద్ది మేర ఇలా జుట్టు పోయిన చాలామందికి ఏడాది లోపు జుట్టు తిరిగి వస్తుంది. స్టెరాయిడ్ పూతలతో త్వరపడే వీలూ ఉంది. జుట్టు పోయిన చోటు నున్నగా కాక పొట్టు రేగి, దురదగా, తెగిన వెంట్రుకలతో ఉంటే మాత్రం అది తామర కావచ్చు. దానికి పైపూత చాలదు, కొన్ని వారాల పాటు మాత్రలు వాడాలి. ఇంట్లో ఒకరి దువ్వెన, తువ్వాలు మరొకరు వాడకుండానూ చూసుకోవాలి.