గ్లాసు బియ్యం ఎన్ని గ్రాములు? కేజీకి నీళ్లెన్ని?

మీరడిగింది: ఇంట్లో గ్లాసు కొలతతో వండుతాం, ఇప్పుడు 50 మందికి వండాలి, అంగట్లో కేజీల్లో ఇస్తారు, ఈ లెక్క మార్చేదెట్లా అని.

ముందు మీ గ్లాసు ఎంతదో తేలాలి. అనంతపురంలో ఒకింట్లో గ్లాసంటే టీ గ్లాసు, పక్కింట్లో పావులీటరు మజ్జిగ గ్లాసు. రైస్ కుక్కర్‌తో వచ్చే ప్లాస్టిక్ కప్పు 180 మి.లీ., కేకులు చేసేవాళ్ల కప్పు 240 లేదా 250. ఇక శేరు, పడి అంటే ఊరికో కొలత.

కాటా ఉంటే ఖాళీ గ్లాసు పెట్టి సున్నా చేసి, అంచు దాకా నీళ్లు పోయండి. ఎన్ని గ్రాములు చూపిస్తే అన్ని మిల్లీలీటర్లు. తర్వాత గ్లాసు పొడిగా తుడిచి, బియ్యం పోసి, అంచుకు సమంగా చేత్తో తోసేసి తూయండి. కాటా లేకుంటే లీటరు సీసా నీళ్లు ఎన్ని గ్లాసులు వస్తాయో చూసి మి.లీ. తేల్చుకుని, దాన్ని 0.82తో గుణించండి. కర్నూలు సోనా లాంటి సన్నబియ్యానికి ఇది సరిపోతుంది: 180 మి.లీ.కి సుమారు 150 గ్రాములు, 200కు 165, 250కి 205. బాస్మతి గింజ పొడుగు, మధ్యలో సందులెక్కువ, అందుకే 200 మి.లీ.కి 155–160 దగ్గరే ఆగుతుంది. గ్లాసును నేలకు తట్టి నింపితే పది గ్రాముల దాకా ఎక్కువ పడుతుంది. ఇంట్లో పెద్దవాళ్లు గ్లాసన్నారంటే చాలాసార్లు అది గోపురంగా పోసిన గ్లాసే, అడిగి కనుక్కోండి.

తూకం ఎప్పుడూ కడగక ముందే. అరగంట నానిన బియ్యం నీళ్లు వంచేశాక కూడా దాదాపు పావు వంతు బరువు పెరిగి ఉంటాయి.

అసలు దెబ్బ తినేది నీళ్ల దగ్గర. గంజి వార్చేవాళ్లకు ఈ చిక్కు లేదు, నీళ్లు వార్చకుండా ఇంకేదాకా వండే అత్తెసరుకే. గ్లాసుకు రెండు గ్లాసులు కదా అని కేజీకి రెండు లీటర్లు పోస్తారు. కానీ కేజీ బియ్యం పట్టే చోటు లీటరూ 200 మి.లీ. పైనే. రెండింతలంటే 2.4 లీటర్లు పోయాలి. రెండు లీటర్లు పోస్తే గ్లాసుకు గ్లాసున్నర పైచిలుకు పోసినట్టే, పాత బియ్యమైతే మెతుకు మధ్యలో పలుకు మిగులుతుంది. కొత్త బియ్యానికి మాత్రం అదే చాలు, ఎక్కువైతే ముద్దవుతుంది. కేజీకి రెండు లీటర్లేనని గట్టిగా వాదించేవాళ్లు కొత్త బియ్యం వండి చూసినవాళ్లే అయ్యుంటారు!

పెద్ద గుండిగలో ఆవిరి పోయేది తక్కువ. ఐదు కేజీల పాత బియ్యానికి లెక్క ప్రకారం 12 లీటర్లు వచ్చినా, 11 పోసి మొదలుపెట్టి, ఓ లీటరు వేణ్నీళ్లు పక్కన ఉంచుకోండి. ఉడుకు మధ్యలో చన్నీళ్లు పోయకండి.

పప్పు, కూర, చారు, పెరుగుతో భోజనమైతే మనిషికి 100–120 గ్రాముల బియ్యం చాలు. 50 మందికి ఐదారు కేజీలు, అంటే 200 మి.లీ. గ్లాసుతో 30 నుంచి 36. బస్తా తెస్తే మీద రాసింది చూడండి. 2022 జులైలో 25 కిలోల వరకు ప్యాకెట్లకు జీఎస్టీ వచ్చాక 26 కిలోల బస్తాలు కూడా అమ్ముతున్నారు.

సంగటి కూడా చేస్తుంటే పిండికి ఈ 0.82 వాడొద్దు. వదులుగా పోసిన రాగిపిండి 200 మి.లీ.కి 110–120 గ్రాములే ఉంటుంది, అదిమితే 140 దాటుతుంది. మీ ఇంట్లో గ్లాసు బియ్యానికి గ్లాసు పిండి అలవాటైతే, తూకంలో కేజీ బియ్యానికి 700 గ్రాముల పిండి. కేజీకి కేజీ పోస్తే తెడ్డు తిరగదు, ముద్ద బిరుసెక్కుతుంది. ఉగ్గానికి బొరుగులైతే తూకం మాటే వద్దు, కొలిచే తెచ్చుకోండి.