జులై టోర్నమెంట్లకు డబ్బు కట్టే ముందు జూన్ 15 దాటనివ్వండి

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మా బాబు ఈ నెలాఖరుకి పదో గ్రేడ్ పూర్తి చేస్తాడు. ఆరడుగుల ఒక అంగుళం పొడవు, స్కూల్ బాస్కెట్‌బాల్ టీమ్‌లో పాయింట్ గార్డ్. వేసవిలో మూడు రాష్ట్రాల్లో టోర్నమెంట్లు ఆడిస్తామని వాడు స్కూల్ బయట ఆడే ప్రైవేటు క్లబ్ వాళ్లు 2,800 డాలర్లు అడుగుతున్నారు. విమానాలు, హోటళ్లు మావే. 'జులైలో కాలేజీ కోచ్‌లందరూ వస్తారు, అక్కడ కనపడకపోతే స్కాలర్‌షిప్ మీద ఆశ వదులుకోండి' అని క్లబ్ కోచ్ అంటున్నాడు. ఈ వేసవి రిక్రూటింగ్‌ని సంస్కరించారని ఎక్కడో చదివాను, మరి ఇంకా ఇలాగే ఉందేంటి? మా ఆవిడ ఈ గోలంతా మానేసి ఎస్ఏటీ కోచింగ్‌లో చేర్పిద్దాం అంటోంది. మేం హెచ్-1బీ మీద, బాబు హెచ్-4 మీద ఉన్నాం. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి

జవాబు: మూడు రాష్ట్రాల టోర్నమెంట్లకూ కలిపి ఇప్పుడే కట్టకండి. జూన్ 15 దాటనివ్వండి. డివిజన్ 1 (కాలేజీ క్రీడల్లో పై స్థాయి) కాలేజీల అబ్బాయిల బాస్కెట్‌బాల్ కోచ్‌లు పదో గ్రేడ్ ముగిశాక ఆ తేదీ నుంచి పిల్లలకు నేరుగా ఫోన్ చేయొచ్చు, మెసేజ్ పెట్టొచ్చు. మీ వాడి మీద ఎవరైనా కన్నేసి ఉంచితే రెండు వారాల్లో మీకే తెలుస్తుంది. కింది స్థాయి అయిన డివిజన్ 3 కోచ్‌లకు ఈ కట్టడి లేదు, వాళ్లు ఈపాటికే రాసి ఉండొచ్చు. ఎవరి నుంచీ ఉలుకూ పలుకూ లేకపోతే, జులైలో మూడు రాష్ట్రాలు తిరిగినంత మాత్రాన ఫోన్లు మోగుతాయని నేను అనుకోను.

ఇక సంస్కరణ సంగతి. మీరు చదివింది నిజమే. 2017 సెప్టెంబర్‌లో ఎఫ్‌బీఐ పది మందిని అరెస్టు చేసింది. వాళ్లలో నలుగురు పెద్ద కాలేజీల అసిస్టెంట్ కోచ్‌లు, ఒకరు అడిడాస్ ఎగ్జిక్యూటివ్. ఒక కుర్రాడు లూయీవిల్ యూనివర్సిటీలో చేరేలా అతని కుటుంబానికి లక్ష డాలర్లు ముట్టజెప్పే ఏర్పాటు చేశారన్నది ఆరోపణల్లో ఒకటి. ఆ దెబ్బకు కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ, మాజీ విదేశాంగ మంత్రి కాండొలీజా రైస్ అధ్యక్షతన కమిషన్ వేసింది. 2018 ఏప్రిల్‌లో నివేదిక వచ్చింది, ఆగస్టులో రూల్స్ మారాయి. క్లబ్బుల మీద, వాటి వెనకున్న షూ కంపెనీల మీద కాలేజీలు ఆధారపడటం తగ్గించి స్కూల్ కోచ్‌కి మళ్లీ విలువ తేవాలన్నది ఉద్దేశం. అందుకే 2019లో జూన్‌లో రెండు వారాంతాలు స్కూల్ టీమ్‌లకు ఇచ్చారు. జులైలో క్లబ్ టోర్నమెంట్లను ఒక్క వారాంతానికి కుదించి, నెలాఖరున హ్యూస్టన్, ఫీనిక్స్, ఇల్లినాయ్, కనెక్టికట్‌లలో ఎన్‌సీఏఏ సొంతంగా క్యాంపులు పెట్టింది.

జూన్ ఏర్పాటు బాగా కుదిరింది. క్యాంపులు పెద్దగా ఎవరికీ రుచించలేదు. తర్వాత క్లబ్బులకు జులైలో మళ్లీ చోటు పెరిగింది, నైకీ వాళ్ల పీచ్ జామ్ టోర్నమెంట్ సౌత్ కరోలినాలో దర్జాగా నడుస్తూనే ఉంది. విజయవాడలోనో గుంటూరులోనో టెన్త్ చదివి ఉంటే మీకిది కొత్తేం కాదు. రిజల్ట్స్ రాకముందే కార్పొరేట్ కాలేజీ పీఆర్వో ఇంటికొచ్చి కూర్చుంటాడు. ర్యాంకు తెచ్చేవాడికి ఫీజు మాఫీ, మిగతావాళ్లు కట్టే ఫీజుతో కాలేజీ నడుస్తుంది. ఇక్కడి వేసవిదీ అదే లెక్క. షూ కంపెనీలు స్పాన్సర్ చేసే పెద్ద టీమ్‌లలో ముఖ్యమైన ఆటగాళ్ల ఖర్చులు సాధారణంగా కుటుంబం మీద పడవు. మిమ్మల్ని 2,800 అడిగారంటే ఈ వ్యవస్థలో మీ వాడు ఏ వరసలో ఉన్నాడో దాన్నిబట్టే కొంత అర్థమవుతుంది. పిల్లాడి ఆటను తక్కువ చేయడానికి కాదు, ఖర్చుపెట్టేది మీరు గనుక చెబుతున్నాను.

'కోచ్‌లందరూ వస్తారు' అన్నది అబద్ధం కాదు. కన్వెన్షన్ సెంటర్ లాంటి పెద్ద హాల్లో వరసగా కోర్టులు, అన్నింట్లో ఒకేసారి ఆటలు. కాలేజీ లోగో టీషర్టులు వేసుకున్న కోచ్‌లు బేస్‌లైన్ (కోర్టు చివరి గీత) పక్కన మడత కుర్చీల్లో కూర్చుని ఉంటారు, ఒళ్లో నిర్వాహకుల దగ్గర వందల డాలర్లు పోసి కొన్న టీమ్‌ల వివరాల పుస్తకం. అక్కడ పిల్లలతో గానీ తల్లిదండ్రులతో గానీ ఆట గురించి మాట్లాడటానికి వాళ్లకు రూల్స్ ఒప్పుకోవు. చాలామంది వచ్చేది ముందే రాసుకున్న నాలుగైదు పేర్ల కోసం. ఆ పిల్లాడి కోర్టు మారితే కుర్చీ కూడా మారుతుంది. కాబట్టి క్లబ్ కోచ్‌ని అడగాల్సింది ఇది: మా వాడి పేరు పెట్టి అడిగిన కాలేజీ కోచ్ ఎవరు? పోయినేడు ఈ టీమ్ నుంచి ఎవరెవరు ఏ కాలేజీల్లో చేరారు? ఈ రెండింటికీ సూటిగా జవాబు రాకపోతే చెక్ బుక్ లోపల పెట్టేయండి.

అమెరికా హైస్కూళ్లలో సుమారు 5 లక్షల 40 వేల మంది అబ్బాయిలు బాస్కెట్‌బాల్ ఆడతారు. వందలో ముగ్గురో నలుగురో ఎన్‌సీఏఏ స్థాయికి వెళ్తారు, డివిజన్ 1 దాకా వెళ్లేది ఒక్కరు. ఈ మధ్య ఆ ఒక్క సీటు కూడా ఇరుకైంది. ఆటగాళ్లు కాలేజీ మారే ట్రాన్స్‌ఫర్ రూల్స్ సడలించాక కోచ్‌లు పద్దెనిమిదేళ్ల కుర్రాడి కంటే మరో కాలేజీలో రెండేళ్లు ఆడి రాటుదేలినవాడిని తెచ్చుకోవడానికే మొగ్గు చూపుతున్నారు. సంస్కరణ అంటే జనం వేసవి క్యాలెండర్ గురించే మాట్లాడతారు గానీ, మీ వాడిలాంటి మధ్యస్థాయి ఆటగాడికి అసలు దెబ్బ ఇక్కడ తగిలింది.

ఇంకో జాగ్రత్త. ఏదైనా కాలేజీ నుంచి 'ఎలైట్ క్యాంప్‌కి ఆహ్వానం' అని మెయిల్ వస్తే ఇంట్లో పాయసం వండేయకండి. అలాంటివి వందలమందికి వెళ్తాయి, చాలా కాలేజీలకు అదొక ఆదాయం. అసిస్టెంట్ కోచ్ స్వయంగా ఫోన్ చేసి ఫలానా మ్యాచ్‌లో నీ ఆట చూశాను అంటే అప్పుడు లెక్కలోకి తీసుకోండి.

జూన్‌ని మాత్రం వదలొద్దు. టెక్సస్ కోచ్‌ల సంఘం డంకన్‌విల్‌లో స్కూల్ టీమ్‌లతో షోకేస్ (కాలేజీ కోచ్‌లు చూసే మ్యాచ్‌లు) పెడుతుంది. ఫ్రిస్కో నుంచి కారులో వెళ్లి రావచ్చు, హోటల్ ఖర్చు కూడా లేదు. మీ స్కూల్ టీమ్ వెళ్తోందా అని హెడ్ కోచ్‌ని ఈ వారమే అడగండి. రెండు మూడు నిమిషాల ఆట వీడియో, మార్కుల ట్రాన్‌స్క్రిప్ట్ జతచేసి కాలేజీలకు మీ బాబే మెయిల్స్ రాయాలి, మీరు కాదు. తండ్రి రాసిన మెయిల్‌ని కోచ్‌లు ఇట్టే పసిగడతారు.

మీ ఆవిడ మాటలో న్యాయముంది, కొంచెం సవరణతో. ఎన్‌సీఏఏ అర్హతకు ఎస్ఏటీ స్కోరు అడగడం 2023లో తీసేశారు. కానీ డివిజన్ 1కి 16 కోర్ కోర్సులు (హైస్కూల్లో చదవాల్సిన ప్రధాన సబ్జెక్టులు), వాటిలో కనీసం 2.3 జీపీఏ కావాలి. ఆ పదహారులో పది, పన్నెండో గ్రేడ్ మొదలయ్యేలోపు పూర్తవ్వాలి, ఆ పదిలో ఏడు ఇంగ్లిష్, మ్యాథ్స్, సైన్స్‌లో ఉండాలి. ఒకసారి లెక్కలోకి వెళ్లిన ఆ పదింటి గ్రేడ్లు మళ్లీ చదివి పెంచుకోవడం కుదరదు. అంటే వచ్చే ఏడాది క్లాస్‌రూమే కీలకం. పైగా మీ వాడికి తగినవి ఎక్కువగా చదువులో మంచి పేరున్న డివిజన్ 3 కాలేజీలేనని నాకనిపిస్తోంది. అక్కడ ఆట పేరుతో స్కాలర్‌షిప్ ఉండదు, మార్కులను బట్టి మెరిట్ సాయం దొరకొచ్చు. కోచ్ ఇష్టపడితే అడ్మిషన్‌లోనూ కొంత కలిసొస్తుంది. అలాంటి చోట ఎస్ఏటీ బాగా పనికొస్తుంది.

వీసా సంగతి ఎవరూ చెప్పరు గనుక నేను చెబుతాను. బాబు హెచ్-4 నుంచి ఎఫ్-1 విద్యార్థి వీసాకి మారితే స్కాలర్‌షిప్ తీసుకోవడానికి ఇబ్బంది లేదు. 2021 జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు, ఫొటో మీద డబ్బు సంపాదించుకోవచ్చన్న రూల్ వచ్చింది, 2025 నుంచి కాలేజీలే నేరుగా చెల్లించొచ్చు. ఆ సంపాదన ఎఫ్-1 వాళ్లకు చిక్కులు తెస్తుంది. హెచ్-4 మీద కూడా దాన్ని పనిచేసి సంపాదించినట్టు చూసే ప్రమాదం ఉంది. స్నీకర్ల కోసం ఒక ఇన్‌స్టాగ్రామ్ పోస్టు పెట్టడానికైనా సరే, ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగకుండా సంతకం చేయనివ్వకండి.

జూన్ నెలాఖరుకి ఒకరిద్దరు కోచ్‌లు ఫోన్ చేశారనుకోండి, వాళ్లు జులైలో ఏ టోర్నమెంట్‌కి వస్తున్నారో బాబునే అడగమనండి. ఆ ఒక్కదానికి మాత్రం డబ్బు కట్టండి. ఒక్క టోర్నమెంట్‌కి ఆడించం, మూడూ కట్టాల్సిందే అని క్లబ్ పట్టుబడితే, డల్లాస్ చుట్టుపక్కల వేరే క్లబ్బులకు కొదవ లేదు.